గాల్లో ఎంత, నేల మీద ఎంత

చనిపోయిందెవరని కృష్ణప్ప అడగడు. రావలసినవాళ్లు ఎక్కడున్నారని అడుగుతాడు.

ఫోన్ చేసినవాళ్లు ఏడుపు మధ్యలో ఆ ప్రశ్న విని తికమకపడతారు. కొందరికి కోపం కూడా వస్తుంది. కానీ శవాలను ఉంచే ఫ్రీజర్ బాక్స్ బండి తోలేవాడికి ముందుగా తెలియాల్సింది అదే. రావలసినవాళ్లు గుర్రంకొండలో ఉంటే పెట్టెను పొద్దున పెట్టి సాయంత్రం తెచ్చుకోవచ్చు. హైదరాబాదులో ఉంటే ఒక రాత్రి. దుబాయి అయితే ఒక రాత్రి, ఒక పగలు. ఆస్ట్రేలియా అయితే ఆ పెట్టెను రెండు మూడు రోజులు మరిచిపోవాలి, ఇంకెవరికీ మాటివ్వకూడదు.

శనివారం పొద్దున మదనపల్లెలో షాపు ముందు ఖాళీ బండిని ఫినాయిలు నీళ్లతో కడుగుతూ, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అదే ప్రశ్న అడిగాడు. అవతల షాపు యజమాని మధుసూదన్.

“వచ్చేవాళ్లు యాడుండారు సార్?”

“అది నువ్వే అడుక్కో అన్నా. కుప్పం పార్టీ. రాజేంద్ర అని, వాళ్ల నాయన తెల్లారుజామున పోయినాడు. పుంగనూరు బాక్సు పన్నెండుకంతా ఎత్తేసి మూడుకల్లా కుప్పంలో దించాల.”

“పుంగనూరోళ్ల బిడ్డ ఇంగా రాలేదు గద సార్.”

“ఆ యమ్మి రాత్రికి గానీ రాదంట. వాళ్లే ఫోన్ చేసినారు, మధ్యానం ఎత్తేస్తారంట. పో, పో.”

ఫోన్‌ను ఇరికించుకోవడానికి కృష్ణప్ప మెడ వంచనక్కర్లేదు. అది ఎప్పుడూ ఎడమవైపు కొంచెం ఒరిగే ఉంటుంది. టమోటా మార్కెట్‌లో పద్దెనిమిదేళ్లు క్రేట్లు మోసిన మెడ అది. ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. మనిషి సన్నం. యాభై నాలుగేళ్లు. అరచేతులకు పట్టిన ఫినాయిలు వాసన ఏ సబ్బుకూ వదలదు. భార్య వెంకటలక్ష్మమ్మ అన్నం పెట్టి, తాను రెండు బారల దూరంలో కూర్చుని మాట్లాడుతుంది. చొక్కా జేబులో ఒక పెన్ను, రబ్బరుబ్యాండు వేసిన పొడుగాటి నోటుపుస్తకం. ఆ పుస్తకం బరువుకు జేబు కుట్లు ఏడాదికి రెండుసార్లు ఊడతాయి.

పుస్తకంలో పేజీకొక ఊరు. పైన ఊరి పేరు, కింద రెండు వరసలు. ఎడమ పక్క ‘గాల్లో’, కుడి పక్క ‘నేల మీద’. సింగపూరు నుంచి బెంగుళూరుకు గాల్లో నాలుగున్నర గంటలు. దుబాయి నుంచి నాలుగు. లండన్ నుంచి పది. దూరాలు కూడా రాసుకున్నాడు. కువైట్ నుంచి బెంగుళూరుకు మూడు వేల మూడు వందల కిలోమీటర్ల చిల్లర, అయిదు గంటలకు తక్కువే. మదనపల్లె నుంచి కుప్పానికి నూటపది కిలోమీటర్లు, బస్సుకు మూడున్నర గంటలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడల్లా అతనికి నవ్వొస్తుంది. ఆకాశంలో బస్సులు ఇరుక్కుపోయే పలమనేరు సర్కిల్ లేదు గదా.

ఎనిమిదేళ్లుగా ఈ పుస్తకం రాస్తున్నాడు. విమానం ఎక్కలేదు సరిగదా, విమానాశ్రయం లోపల కాలు కూడా పెట్టలేదు. వచ్చినవాళ్లను అడిగి తెలుసుకున్నదే అంతా. తల్లి శవం దగ్గర ఏడ్చి ఏడ్చి అలసిపోయి కూర్చున్న కొడుకు పక్కన చేరి, ఎన్నింటికి ఎక్కినావు, ఎన్నింటికి దిగినావు, పెట్టెలు రావడానికి ఎంతసేపు పట్టింది అని మెల్లగా అడిగేవాడు. ఈయనకేం పిచ్చి అనుకునేవాళ్లు. అయినా చెప్పేవాళ్లు. ఆ పూట ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగడమే వాళ్లకు కావాలి. అందరి మాటల్లోంచీ కృష్ణప్పకు తేలింది ఒక్కటే. ఎడమ పక్క వరసలో అంకెలు మారవు. మనిషిని ఏడిపించేదంతా కుడి పక్కనే ఉంది. ఇల్లలకగానే పండగ కాదు, విమానం దిగగానే ఇల్లు చేరినట్టూ కాదు.

బండి మదనపల్లె దాటాక కుప్పం రాజేంద్రకు ఫోన్ చేశాడు.

“వచ్చేవాళ్లు యాడుండారప్పా?”

“అందరూ ఈడే ఉండారన్నా. మా చెల్లెలు గుడుపల్లెలో ఉండాది, వస్తాండాది. ఎత్తేది రేపు పొద్దున. ఎండలు గదన్నా, మా నాయన కొంచెం లావు మనిషి.”

“ఐసు గడ్డలు తెచ్చి నాలుగు పక్కలా పెట్టండి. ఫ్యాను మాత్రం వెయ్యొద్దు. నేనొస్తా.”

ఎన్నింటికి వస్తానో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అతనికే తెలియదు. మూడుకని చెప్పమని మధుసూదన్ అన్నాడు. నోట్లోంచి మూడన్న మాట రాలేదు.

పుంగనూరికి అవతల, ములబాగల్ రోడ్డులో రెండు మైళ్లు పోతే ఆ పల్లె. గురువారం రాత్రి అతనే వచ్చి పెట్టె దించాడు. పోయింది ఆదెమ్మ, డెబ్బై దాటిన మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు వాణి. మొగుడు వదిలేశాక కువైట్ పోయి ఏడేళ్లుగా ఎవరి ఇంట్లోనో వంట చేస్తోంది. పెద్దదిక్కు ఆదెమ్మ మరిది గంగప్ప. గురువారం రాత్రి కృష్ణప్ప తన మామూలు ప్రశ్న అడిగితే గంగప్ప ‘కువైట్లో’ అన్నాడు. కృష్ణప్ప నోటుపుస్తకం తీసి ఆ పేజీ చూసుకుని, ‘గాల్లో అయిదు గంటలేనప్పా, నేల మీద ఎంతో మనం సెప్పలేం’ అన్నాడు. అదే జరిగింది. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమానురాలి బీరువాలో ఉంది. ఆమె ఎవరి పెళ్లికో పోయింది. ఆమె వచ్చి బీరువా తెరిచేసరికి శుక్రవారం రాత్రయింది.

తొమ్మిదింటికి కృష్ణప్ప బండి దిగేసరికి వీధంతా షామియానా కింద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆ వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించలేదు. శవం ఉండగా ముట్టించకూడదు. పిల్లలకు పక్క వీధి నుంచి సంగటి వస్తోంది. పెద్దవాళ్లు టీలతో నెట్టుకొస్తున్నారు. శనివారం కాబట్టి పాడెకు కట్టడానికి ఒక కోడిపిల్లను తెచ్చి గంప కింద మూశారు. శని పీనుగ తోడు లేకుండా పోదని అంటారు గదా. దానికేం తెలుసు, గంప కింద కిచకిచమంటూ ఉంది.

గంగప్ప లేచి ఎదురొచ్చాడు. పీక్కుపోయిన ముఖం. గడ్డం తెల్లగా మాసి ఉంది.

“పన్నెండుకు ఎత్తేస్తాం కృష్ణప్పా. నీ పెట్టె తీస్కపో.”

“పాప వస్తాండాదని అంటిరే?”

“రాత్రికి గానీ రాదప్పా. రేప్పొద్దున గంగమ్మ జాతరకు సాటింపు. సాటింపు పడేటప్పుటికి ఊళ్లో పీనుగ ఉండకూడదు. నీకు తెలీందేముండాది.”

గంగప్ప కొడుకు శివకుమార్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. సచివాలయంలో ఉద్యోగం, లెక్కలన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పగలడు. పొద్దున ఏడింటికి వాణి పంపిన వాయిస్ మెసేజి వినిపించాడు. ఫోన్‌లోంచి ఆడగొంతు, వెనకాల ఏదో గోల: “సిన్నాయనా, ఎనిమిదిన్నరకు ఫ్లైటు. అయిదు గంటల్లో బెంగుళూరు. అమ్మను ఉంచండి సిన్నాయనా. నేను వస్తాండా.”

“సూడన్నా,” అన్నాడు శివకుమార్. “ఆడికీ మనకీ రెండున్నర గంటలు తేడా. వాళ్లకు ఎనిమిదిన్నరంటే మనకు పదకొండు. ఫోన్లో ఎతికితే ఎనిమిదిన్నరకు ఒక ఫ్లైటు ఉండాది కూడా. పదకొండుకు ఎక్కి అయిదు గంటలు, నాలుగు. బయటికొచ్చేటప్పుటికి అయిదు. ఈడికి మూడు గంటల రోడ్డు. ఎనిమిది అయితాది. పొద్దు గూకేది ఆరున్నరకు. యాడికి సాలుతుందన్నా?”

లెక్క సరిగ్గా ఉంది. వేలు పెట్టి చూపడానికి ఎక్కడా తప్పు లేదు. కృష్ణప్పకు అది మంచి వార్తే కావాలి. పన్నెండుకు ఎత్తేస్తే మూడుకు కుప్పం, మధుసూదన్ సంతోషిస్తాడు, కుప్పం లావు మనిషి ఎండకు పాడవకుండా ఉంటాడు. అతను పెట్టె దగ్గరికి వెళ్లి, అలవాటు ప్రకారం జేబులోంచి మెత్తటి బట్ట తీసి, ముఖం దగ్గర అద్దం మీద పట్టిన ఆవిరి తుడిచాడు. ఆదెమ్మ కనిపించింది. నుదుటి మీద విబూది. చిన్న ముఖం. నోరు కొంచెం తెరుచుకుని, ఎవరో చెప్పేది వింటున్నట్టుంది.

వైరు చుట్ట చుట్టడానికి వంగాడు. వంగినవాడు లేచాడు. బయటికి వచ్చి ఒక బీడీ ముట్టించాడు, రెండు దమ్ములకే పారేశాడు. మళ్లీ లోపలికి పోయాడు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న అతన్ని చూసి గంగప్ప భార్య పాపక్క, “ఏమప్పా, టీ తాగుతావా?” అని అడిగింది. అతను ఆమెకు జవాబు చెప్పకుండా శివకుమార్ దగ్గరికి వెళ్లాడు.

“ఆ పాప ఫోను ఇప్పుడు మోగతాండాదా?”

“లేదన్నా. స్విచ్చాఫ్.”

“ఎప్పుటినించి?”

“ఎనిమిదింబావుకు చేస్తే స్విచ్చాఫే.”

కృష్ణప్ప అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. పదకొండుకు విమానం ఎక్కాల్సిన మనిషి ఎనిమిదింబావుకే ఫోన్ ఎందుకు ఆపుతుంది?

తొమ్మిదేళ్ల కిందట వాల్మీకిపురంలో అతని తండ్రి పోయాడు. అక్క రామలక్ష్మమ్మ మస్కట్‌లో ఒక ముసలామెకు సేవ చేస్తూ ఉండేది. అప్పటికి ఈ పెట్టెలు ఇంతగా లేవు. ‘పదింటికి ఎక్కుతాండా కిష్టప్పా, మూడున్నర గంటల్లో బెంగుళూరు’ అని ఫోన్ చేసింది. క్రేట్లు మోసే కృష్ణప్ప ఆ రోజు పెద్దమనిషి అయిపోయాడు. మస్కట్‌కూ మనకూ గంటన్నర తేడా అని ఎవరో చెబితే గుర్తు పెట్టుకుని, వేళ్ల మీద కూడి, అందరి ముందూ లెక్క చెప్పాడు. పొద్దు గూకినాక గానీ మా యక్క రాదు, ఎత్తేద్దాం అన్నాడు. మార్గశిరంలో పొద్దు ఆరింటికి ముందే గూకుతుంది. నాలుగింటికి ఎత్తారు. అయిదింటికి రామలక్ష్మమ్మ దిగింది. మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆమె ఏడవలేదు. నేరుగా తమ్ముడి దగ్గరికి వచ్చి, ఎడమ చెయ్యి ఎత్తి, మణికట్టు అతని ముఖం ముందు పెట్టింది.

“సూడు కిష్టప్పా. ఏడేండ్లుగా మీ టయిమే ఇది. ఒక్కసారన్నా ఆడి టయిముకు తిప్పలేదు. పదని సెప్తే మీ పదే గద.”

అంతే. ఆ తరువాత అతనితో మాట్లాడలేదు. మస్కట్ తిరిగిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది. వారానికొకసారి ఫోన్ చేస్తుంది. పొరబాటున కృష్ణప్ప ఎత్తితే రెండే మాటలు: ‘వెంకటలక్ష్మికి ఇయ్యి.’ తొమ్మిదేళ్లలో తోడబుట్టినదాని నోటి నుంచి అతను విన్నది అదే. ఆ ఏడాది తిరక్కముందే క్రేట్లు మానేసి ఈ పెట్టె బండిలో చేరాడు. జీతం తక్కువని అందరూ వద్దన్నారు. ఎందుకు చేరాడో భార్యకు కూడా చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

కృష్ణప్ప లేచి గంగప్ప ముందు నిలబడ్డాడు. పదిమందిలో మాట్లాడే మనిషి కాదు.

“అప్పా, ఆ పాప సెప్పింది ఈడి ఎనిమిదిన్నర. ఆడి టయిము కాదు.”

“అదెట్ల సెప్తావు?”

“ఆడికి పొయ్యినోళ్లు చేతి వాచీలో ఈడి టయిమే పెట్టుకుంటారు. ఇంటికి సెప్పేటప్పుడు ఆ వాచీ సూసే సెప్తారు. మనం దాన్ని మళ్లీ కూడతాం. ఆ పాప ఎనిమిదింబావుకే ఫోను ఆపింది. ఎక్కేసింది. ఒంటిగంటన్నరకు దిగతాది. అయిదుకు, అయిదున్నరకు ఈడుంటాది.”

శివకుమార్‌కు అది నచ్చలేదు. “ఛార్జింగ్ అయిపోయుంటాది అన్నా. ఫోన్లో ఫ్లైటు కనిపిస్తాండాదని సెప్తాండా గదా.”

“కనిపిస్తాదప్పా. నీ లెక్క తప్పని అన్లేదు. నేనూ ఇట్లే కూడినా.” కృష్ణప్ప ఆగాడు. షామియానా కింద అందరూ తననే చూస్తున్నారు. “మా నాయనకు. మా యక్క మస్కట్ నించి వస్తాంటే, రాదని సెప్పి ఎత్తించింది నేనే. గంట ముందు ఎత్తినాం. ఆ యమ్మ ఇప్పుటికీ నాతో మాట్లాడదు.”

గంప కింద కోడిపిల్ల మాత్రం అరుస్తూ ఉంది. అప్పుడు పాపక్క ఆదెమ్మ తలదగ్గర నుంచి లేచి వచ్చింది.

“ఆయప్ప సెప్పేది నిజమే అయుండచ్చు. వాణి దినామూ రాత్రి ఫోన్ చేస్తాది గదా. ‘ఎనిమిదైంది గదమ్మా, ఇంగా తిన్లేదా’ అనేది. ‘నాకు తెలీదనుకుంటాండావా, తొమ్మిదైంది, మాత్ర యేసుకో’ అనేది. ఆడెంతైందో ఒక్కనాడూ సెప్పలే. ఆదెమ్మక్క కూడా అడగలే.”

గంగప్ప షామియానా కింద కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. వీధి మొత్తం ఆకలితో తన ముఖం చూస్తోంది, తెల్లారితే ఊరు మొత్తం చూస్తుంది.

“మా వదినె మొగం బిడ్డ సూడకూడదని నాకుండాదా,” అన్నాడు చివరికి. “అయిదున్నర. అయిదున్నర దాటితే నన్ను ఇంగ ఎవురూ అడగొద్దు. పొద్దుండంగానే మట్టి కావాల. నీ పెట్టె అంతదాకా ఉంటాదా?”

“ఉంటాది,” అన్నాడు కృష్ణప్ప.

అని, బయటికి వచ్చి మధుసూదన్‌కు ఫోన్ చేశాడు. అవతల నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ‘పెట్టె నీదా నాదా’ అన్నది వాటిలో కాస్త మర్యాదైన మాట. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు కూడా. మధుసూదన్ ఆ మాట నెలకొకసారి అంటాడు కాబట్టి కృష్ణప్ప దాన్ని పక్కన పెట్టాడు. కుప్పం మాత్రం పక్కన పెట్టలేకపోయాడు. రాజేంద్రకు చేసి, తొమ్మిదిలోపల వస్తానని, ఐసు మళ్లీ మార్చమని చెప్పాడు. “అన్నా, మా నాయనన్నా,” అన్నాడు రాజేంద్ర. ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది. ఒకరి బిడ్డ కోసం ఇంకొకరి తండ్రిని ఎండకు వదిలేస్తున్నానని అతనికి తెలుసు. ఇందులో తప్పు లేదని ఎవరితోనైనా చెప్పించుకోవాలనిపించింది. చెప్పేవాళ్లెవరూ లేరు.

ఒంటిగంటన్నర అయింది. ఇప్పుడు దిగి ఉంటుంది. శివకుమార్ ఫోన్ మోగలేదు. అక్కడి సిమ్ము ఇక్కడ పని చేయకపోవచ్చు. ఎవరినైనా అడిగి ఒక్క ఫోన్ చేయవచ్చు గదా. అడగడానికి సిగ్గుపడిందేమో. రెండయింది. రెండున్నర. కృష్ణప్ప తారు రోడ్డు దాకా నడిచి, బెంగుళూరు నుంచి కార్లు వచ్చే ములబాగల్ వైపు చూసి, తిరిగొచ్చాడు. మామిడి తోపుల మీద ఎండ తెల్లగా కాస్తోంది. వచ్చి అద్దం తుడిచాడు. మూడింటికి మళ్లీ రోడ్డు దాకా పోయాడు. ఒక టమోటా లారీ, రెండు బైకులు, ఒక పెళ్లి బస్సు. తిరిగొచ్చి అద్దం తుడిచాడు. పెట్టె పక్కన ఎవరూ లేని క్షణం చూసి, “వస్తాండాదిలే అమ్మా,” అన్నాడు మెల్లగా. అంటూ ఉండగానే తన మాట తనకే నమ్మకంగా వినిపించలేదు.

నాలుగయింది. నాలుగున్నర. పలకలు కొట్టేవాళ్లు వచ్చి, మంట వేసి ఆ డప్పులను కాచుకుంటున్నారు. పాడె కట్టడం అయిపోయింది. శివకుమార్ రెండుసార్లు ఇతని వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఆ చూపులో వెక్కిరింపు లేదు, జాలి ఉంది. కృష్ణప్ప నోటుపుస్తకం తీసి కువైట్ పేజీ మళ్లీ చదివాడు. అందులో కొత్తగా ఏముంటుంది? అప్పుడు లెక్క తప్పు చెప్పి, వస్తున్న మనిషిని తండ్రి ముఖం చూడనివ్వకుండా చేశాడు. ఇప్పుడు రాని మనిషి కోసం రెండు ఊళ్లను నిలబెట్టాడేమో. ఒక్కటే మనిషి రెండు రకాలుగా తప్పు చేయగలడని తలుచుకుని, పుస్తకానికి రబ్బరుబ్యాండు వేసేశాడు.

అయిదున్నరకు గంగప్ప వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“తీస్తానప్పా,” అన్నాడు కృష్ణప్ప.

నలుగురు పట్టి మూత తీశారు. స్విచ్ ఆపగానే, రెండు రోజులుగా వినీ వినీ ఎవరికీ వినపడకుండా పోయిన ఆ హోరు ఒక్కసారి ఆగింది. ఇల్లంతా ఖాళీ అయినట్టనిపించింది. స్నానం చేయించారు, కొత్త చీర కప్పారు. కోడిపిల్లను పాడె మూలకు కట్టారు. పాపక్క గట్టిగా ఏడ్చింది. ఆరుకు పది నిమిషాలుండగా పాడె లేచింది. పలకలు మొదలయ్యాయి. వీధి మలుపు తిరిగి జనమంతా వెళ్లిపోయారు.

ఇంటి దగ్గర ఇద్దరు ముసలమ్మలు, కృష్ణప్ప మిగిలారు. అతను పెట్టెను అరుగు మీదికి లాగి, బకెట్టులో ఫినాయిలు కలిపి, లోపల కడగడం మొదలుపెట్టాడు. పనిలో చెయ్యి ఆడుతోంది, చెవి మాత్రం పలకల మీద ఉంది. మెల్లమెల్లగా దూరమవుతున్నాయి. తారు రోడ్డు దగ్గరికి చేరగానే ఆగాయి.

దింపుడు కళ్లం. అక్కడ పాడెను నేల మీద దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతుందని ఆశ. ఎవరూ పలకరు. మళ్లీ ఎత్తుతారు, మళ్లీ పలకలు మోగుతాయి. ఇంతా కలిపి రెండు నిమిషాలు. వందల చావులు చూసిన కృష్ణప్పకు ఆ మౌనం ఎంతసేపుంటుందో గడియారం లేకుండా తెలుసు.

ఒకసారి పిలిచి ఉంటారు. రెండోసారి. మూడోసారి. ఇప్పుడు ఎత్తుతారు.

పలకలు మోగలేదు.

అతను బట్ట పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ముసలమ్మల్లో ఒకామె “ఏమైందప్పా?” అని అడిగింది. దూరంగా కారు తలుపు చప్పుడు. తరువాత ఒక్క ఆడగొంతు. ఆ గొంతు అతనికి పొద్దుననే ఫోన్‌లో పరిచయం. అప్పుడు ‘అమ్మను ఉంచండి’ అంది. ఇప్పుడు ఒక్క మాటే అంటోంది, అమ్మా అని. మూడుసార్లతో ఆగలేదు. చాలాసార్లు పిలిచింది. ఊళ్లో ఎవరూ ఆపలేదు.

కృష్ణప్ప బకెట్టు పక్కన కూలబడి ఏడ్చాడు. తండ్రి పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

పొద్దు గూకక ముందే మట్టి అయింది. ఆడవాళ్లు వాణిని నడిపించుకుంటూ తెచ్చారు. నలభై ఏళ్లుంటాయి. నల్లటి బట్టలు, నలిగిపోయి ఉన్నాయి. కాళ్లకు విమానంలో వేసుకున్న సాక్సులే, చెప్పులు లేవు. “కోలారు దాటినాక టైరు పంచరు,” అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెబుతోంది. “ముప్పావుగంట. ముప్పావుగంట అన్యాయంగా.” స్నానానికి నీళ్లు కాచేదాకా అరుగు మీద కూర్చుంది. పక్కన కడిగి ఆరబెట్టిన పెట్టె. దాన్ని కాసేపు చూసింది.

“దీంట్లోనేనా అన్నా, ఉండింది?”

“అవునమ్మా. సల్లగా ఉండింది. మొగం బాగుండింది.”

ఆమె తలూపింది. స్నానానికి లేస్తూ చేతి గాజులు తీసి పాపక్కకు ఇచ్చింది, ఎడమ చేతి వాచీ తీసి అద్దం మూత మీద పెట్టింది. చవక రకం వాచీ, ఎర్ర పట్టీ, అంచులు తెల్లబారి ఉన్నాయి. కృష్ణప్ప పెట్టెను బండిలోకి ఎక్కించబోతూ, “అమ్మా, నీ వాచీ,” అన్నాడు.

ఆమె గడపలో ఆగింది. వెనక్కి తిరగలేదు.

“ఎవురికన్నా ఇయ్యన్నా. ఈడి టయిము నాకింగెందుకు.”

పుంగనూరు దాటాక కృష్ణప్ప బండిని రోడ్డు పక్కకు తీశాడు. తొమ్మిదిలోపల కుప్పం చేరాలి. ఆగడానికి లేదు. అయినా ఆగాడు. ఫోన్‌లో అక్క నంబరు నొక్కాడు. తొమ్మిదేళ్లలో తానుగా చేయడం ఇదే మొదలు. చాలాసేపు మోగింది.

“అక్కా.”

“వెంకటలక్ష్మికి ఇయ్యి.”

“ఆమె ఈడ లేదక్కా. నేను బండిలో ఉండా. పుంగనూరు దాటినా.”

పెట్టేస్తుందనుకున్నాడు. పెట్టలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ముసలామె ఎవరో దగ్గింది. కృష్ణప్ప వాణి గురించి చెప్పాలనుకున్నాడు, పలకలు మోగకపోవడం గురించి చెప్పాలనుకున్నాడు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“ఇప్పుడు టయిమెంతక్కా నీకాడ?”

అవతల గాజులు గలగలమన్నాయి, చెయ్యి ఎత్తి వాచీ చూసుకున్నట్టు.

“ఏడూ పది,” అంది రామలక్ష్మమ్మ.

మస్కట్‌లో అప్పుడు అయిదూ నలభై. అది కృష్ణప్ప పుస్తకంలో మొదటి పేజీ. చూడకుండానే చెప్పగలడు. ఆమె ఇంకా ఫోన్ పెట్టలేదు. బండి ముందు అద్దం కింద, నోటుపుస్తకం పక్కన, వాణి వదిలేసిన వాచీ ఏడూ పది చూపిస్తోంది.